కొయ్య తొలిచే లిమ్నోరియాకు పేరు కుదిరిన తీరు

సముద్రపు రేవుల్లో పాతిన కొయ్య స్తంభాలు కొన్నేళ్లకు ఆటుపోట్ల మట్టం దగ్గర డమరుకంలా నడుము సన్నబడి విరిగిపోవడం ఐరోపా, అమెరికా రేవుల్లో పనిచేసేవారికి పాత అనుభవం. ఆ నష్టానికి ఒక ముఖ్య కారణం లిమ్నోరియా అనే ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు. ఇంగ్లండులో గ్రిబుల్ అని పిలిచే ఈ ప్రాణి పొడవు సాధారణంగా నాలుగు మిల్లీమీటర్లు దాటదు. ఇది రొయ్యలకూ పీతలకూ దూరపు బంధువు. ఏడు జతల కాళ్లూ ఇంచుమించు ఒకే తీరుగా ఉండే ఐసోపాడ్ల వర్గానికి చెందినది. టెరిడో అనే ఆల్చిప్పల జాతి ప్రాణి కొయ్యను లోలోపల గుల్ల చేస్తే, లిమ్నోరియా పైపొరలోనే సన్నని సొరంగాలు తవ్వుతుంది. గుల్లబారిన ఆ పొరను అలలు రాల్చేయగానే కింది పొర దానికి అందుబాటులోకి వస్తుంది.

ఈ ప్రజాతిలో ఇప్పుడు యాభైకి పైగా జాతులున్నాయి. అయినా ఐరోపా రేవుల్లో కొయ్య తిన్న గ్రిబుల్‌ను చాలాకాలం పాటు ఒకే జాతిగా రాసుకుంటూ వచ్చారు. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో తెలియాలంటే నార్వే తీరానికి వెళ్లాలి.

అక్కడి సముద్రజీవులను పరిశీలించిన యెన్స్ రాత్కే 1799లో దీనిని మొదటిసారి వర్ణించి, సైమోథోవా లిగ్నోరమ్ అని పేరు పెట్టాడు. సైమోథోవా నిజానికి చేపలను పట్టి బతికే పరాన్నజీవుల ప్రజాతి. కొయ్య తినే ప్రాణి అందులో ఇమడదు. కానీ ఆనాటికి ఐసోపాడ్లకు ఉన్న అరలే తక్కువ కాబట్టి రాత్కేను తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఆ తర్వాతి అడుగు స్కాట్లండులో పడింది. తూర్పు తీరానికి అవతల సముద్రంలో ఉన్న బెల్ రాక్ మీద దీపస్తంభం కట్టిన ఇంజనీరు రాబర్ట్ స్టీవెన్సన్, అక్కడి పనికోసం నిలబెట్టిన దూలాలను ఏదో చిన్న ప్రాణి తినేస్తున్నదని గమనించి, నమూనాలను జంతుశాస్త్రవేత్త విలియం ఎల్ఫర్డ్ లీచ్‌కు పంపించాడు. లీచ్ 1814లో దానికోసం లిమ్నోరియా అనే కొత్త ప్రజాతిని ఏర్పరచి, జాతిని టెరెబ్రాన్స్ అన్నాడు. అది రాత్కే వర్ణించిన జాతేనని తరువాత తేలింది. ముందు పెట్టిన పేరుకే ప్రాధాన్యం అన్న నియమం ప్రకారం రాత్కే ఇచ్చిన జాతి పేరూ, లీచ్ ఇచ్చిన ప్రజాతి పేరూ కలిసి లిమ్నోరియా లిగ్నోరమ్ స్థిరపడింది.

చిక్కు ఇక్కడే మొదలైంది. కొయ్య తినడమే గుర్తుగా పెట్టుకోవడంతో, కొయ్యలో కనిపించిన ప్రతి లిమ్నోరియాకూ లిగ్నోరమ్ అన్న పేరే తగిలించే అలవాటు పాతుకుపోయింది. 1949లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త లిప్కే హోల్టుయిస్ తమ దేశపు ఐసోపాడ్లను తిరిగి పరిశీలిస్తూ, తోక ఫలకం మీద నాలుగు బొడిపెలున్న జాతిని వేరుచేసి క్వాడ్రిపంక్టాటా అన్నాడు. రెండేళ్లకు, 1951లో, రాబర్ట్ మెంజీస్ దక్షిణ కాలిఫోర్నియా నుంచి మూడు బొడిపెలున్న ట్రిపంక్టాటాను వర్ణించాడు. లిగ్నోరమ్ తోక మీద ఇలాంటి బొడిపెల వరసకు బదులు రెండుగా చీలిన కొమ్మలాంటి గట్టు ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప తెలియని ఈ తేడా రేవుల ఖర్చును నిర్ణయించేంతటిది. స్తంభాలను కాపాడడానికి పూసే క్రియోసోట్ అనే బొగ్గు తారు నూనెను ట్రిపంక్టాటా తట్టుకోగలదు. అది వెచ్చని నీటి జాతి. చల్లని నీటిలో లిగ్నోరమ్‌ను ఆపిన పూత వెచ్చని రేవులో ఎందుకు పనిచేయదన్న ప్రశ్నకు జవాబులో ఒక ముఖ్యభాగం ఆ మూడు బొడిపెల్లో దొరికింది.

1957లో మెంజీస్ లిమ్నోరియా చెందిన కుటుంబం మొత్తాన్నీ సమీక్షించాడు. కొయ్య తొలిచే జాతుల దవడల్లో ఒకదానికి ఆకురాయి వంటి గాట్లు, రెండోదానికి గరుకు పొలుసులు ఉంటాయి. సముద్రపు నాచు మొదళ్లలో నివసించే జాతులకు అవి ఉండవు. దీని ఆధారంగా రెండో గుంపును ఫైకోలిమ్నోరియా అనే ఉపప్రజాతిగా విడదీశాడు. 1910లో కాల్మన్ క్రిస్మస్ దీవి నుంచి వర్ణించిన లిమ్నోరియా ఆండ్రూసీని పారాలిమ్నోరియా అనే వేరే ప్రజాతికి మార్చాడు. 1987లో గ్యారీ పూర్ సముద్రపు గడ్డిలో నివసించే లిన్సియా అనే ప్రజాతిని వేరే కుటుంబంగా వర్ణించి, 1994లో లారీ కుక్సన్‌తో కలిసి దాన్ని ఈ కుటుంబంలోకి మార్చాడు. 1991లో ఆస్ట్రలేషియా జాతులను సమీక్షించిన లారీ కుక్సన్ తరువాత ఫైకోలిమ్నోరియా మళ్లీ లిమ్నోరియాలోనే కలిసిపోయింది. తినే తిండిని బట్టి గీసిన గీత ఇలా రెండోసారీ నిలవలేదు. ఆ కలపడం సబబేనని నేను నమ్ముతాను. 2003లో బ్రాంట్, పూర్ కలిసి ఈ ప్రాణులకు కుటుంబానికి పై మెట్టయిన ఉపక్రమం స్థాయిలో లిమ్నోరియిడియా అనే ప్రత్యేక విభాగాన్నే కేటాయించారు.

జాతి పేరు కచ్చితంగా ఉండడం జీవరసాయన శాస్త్రానికీ అవసరమైంది. చెదల వంటివి కొయ్యను అరిగించుకోవడానికి కడుపులోని సూక్ష్మజీవుల సాయం తీసుకుంటాయి. క్వాడ్రిపంక్టాటా పేగులో అలాంటి నివాసులు లేరనీ, సెల్యులోజును విడగొట్టే ఎంజైములను దాని సొంత గ్రంథే తయారుచేస్తుందనీ 2010లో ప్రకటించారు.

మన దేశం పేరు మీద కూడా 1958లో బెకర్, కాంఫ్ వర్ణించిన లిమ్నోరియా ఇండికా ఉంది. తల్లి పొట్టకింది సంచిలో పెరిగిన పిల్లలు అదే దుంగలో పక్క సొరంగాలు తవ్వుకుంటాయి తప్ప నీటిలో తేలియాడే లార్వా దశ వీటికి లేదు. కాబట్టి కొట్టుకుపోయే మానులూ, పాతకాలపు కొయ్య ఓడలే వీటిని తీరం నుంచి తీరానికి చేర్చాయి. ఏ జాతి ఎక్కడిదో చెప్పడం అందుకే కష్టం.

2014లో వెలువడిన ఒక పరిశీలన, ఐరోపా నుంచి అప్పటిదాకా నమోదైన ఆరు కొయ్య తొలిచే జాతుల్లో లిగ్నోరమ్, క్వాడ్రిపంక్టాటా, ట్రిపంక్టాటా మూడే అక్కడ స్థిరపడ్డాయని తేల్చింది. సముద్రం వేడెక్కుతున్నకొద్దీ లిగ్నోరమ్ వెనక్కి తగ్గుతున్నట్లు, మిగతా రెండూ విస్తరిస్తున్నట్లు కూడా అది సూచించింది. ఈ మార్పును వెనక్కి లెక్కించడానికి 1949కి ముందరి నమోదులు కావాలి. వాటిలో లిగ్నోరమ్ అని రాసిన నమూనా ఏ మ్యూజియం సీసాలోనైనా మిగిలి ఉంటే, దాని తోకను మళ్లీ చూసి సరిదిద్దవచ్చు. నమూనా లేని చోట ఆ పేరు మూడు జాతుల్లో దేనిదైనా కావచ్చు.