పగడాల ట్యాంకు నీరు: కొన్ని అపోహలు, నేను చూసిన వాస్తవాలు

"నీళ్లు అద్దంలా ఉన్నాయండీ, అయినా పగడాలు ముడుచుకుపోతున్నాయి." రీఫ్ ట్యాంకుల, అంటే ఉప్పునీళ్లలో పగడాలు పెంచే ట్యాంకుల, బాగోగులు చూసే నాకు ఫోను వస్తే మొదటి మాట దాదాపు ఇదే. చేపల మేత, మలం వల్ల నీళ్లలో చేరే అమ్మోనియాకు రంగు లేదు, నైట్రేట్‌కు లేదు, ఫాస్ఫేట్‌కూ లేదు. నీళ్లు తేటగా ఉన్నాయంటే మట్టీ చెత్తా తేలడం లేదనే అర్థం. మిగతా సంగతి టెస్ట్ కిట్‌ను అడగాల్సిందే.

అపోహ: నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా అయితే ట్యాంకు అంత ఆరోగ్యంగా ఉంటుంది.

నన్ను బాగా ఏడిపించిన అపోహ ఇది. నా మొదటి ట్యాంకులో రాళ్ల మీద పచ్చటి నాచు కనబడగానే హడలిపోయి, ఫాస్ఫేట్‌ను పీల్చుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు రెట్టింపు వేశాను, చేపల మేత సగానికి కోసేశాను. రెండు వారాల్లో రెండు అంకెలూ సున్నాకు వచ్చాయి, నాచు మాయమైంది. ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. ఇసుక మీద గోధుమరంగు జిగురు మొదలైంది. చీమిడిలా తీగలు తీగలుగా సాగుతుంది, ఒక్కో తీగ కొసన ఒక గాలి బుడగ. దీపాలు ఆర్పితే పలచబడుతుంది, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ పరుచుకుంటుంది. అవి డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ సూక్ష్మజీవులు. పోటీకి నిలిచే నాచు, బాక్టీరియా తిండి లేక చిక్కిపోయిన చోట ఇవి పాగా వేస్తాయి. వీటిలో కొన్ని విషపూరితం; వాటిని మేసిన నత్తలు చచ్చిపోతాయి.

పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలకు (కంటికి కనబడని నాచుకు) కూడా నత్రజని, భాస్వరం కావాలి. అవి అందకపోతే పగడం పాలిపోతుంది. అందుకే ఇప్పుడు నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో అన్ని వంతులు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే నేను వేలు కూడా పెట్టను.

అపోహ: అంకెలు పెరిగితే నీళ్లు మార్చేస్తే సరిపోతుంది.

లెక్క వేసి చూడండి. నైట్రేట్ 50 ఉన్న ట్యాంకులో పది శాతం నీళ్లు మారిస్తే మిగిలేది 45. ఫాస్ఫేట్ ఇంకా మొండిది. రాళ్లను, ఇసుకను అంటిపెట్టుకుని ఉండి, నీళ్లు మార్చాక మెల్లగా మళ్లీ ఊరుతుంది. అసలు అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి: మోతాదు మించిన మేత, వారాల తరబడి ఉతకని ఫిల్టర్ సంచి.

అపోహ: పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) పడిపోతే బఫర్ పొడి (దాన్ని పైకి లేపే క్షారపు పొడి) కలపాలి.

చాలాసార్లు తప్పు ట్యాంకుది కాదు, గదిది. తలుపులన్నీ మూసుకుని నలుగురు కూర్చున్న గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి నీళ్లలో కరుగుతుంది, పీహెచ్ దిగుతుంది. ఒక గ్లాసుడు ట్యాంకు నీళ్లు ఆరుబయట పెట్టి, గంటసేపు ఎయిర్ పంపుతో గాలి కొట్టి కొలవండి. పీహెచ్ పెరిగిందా, అయితే మీకు కావలసింది పొడి కాదు, కిటికీ తెరవడం. పొడి వేస్తే పీహెచ్ కాసేపు లేచి మళ్లీ పడుతుంది, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ల శక్తి; దీని కొలమానం డీకేహెచ్) మాత్రం పైకెక్కి కూర్చుంటుంది. అది 8 డీకేహెచ్ నుంచి 11కు ఒక్కసారిగా దూకితే అక్రోపోరా అనే కొమ్మల పగడం కొసలు మాడిపోతాయి. సముద్రంలో ఆల్కలినిటీ సుమారు 7 డీకేహెచ్. ట్యాంకులో 8 ఉన్నా 9 ఉన్నా పగడానికి పట్టింపు లేదు, రోజూ ఒకేలా ఉంటే చాలు.

అపోహ: ట్యాంకులో నీళ్లు తగ్గితే ఉప్పునీళ్లే పోయాలి.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. మంచినీళ్లే పోయాలి. అదీ ఆర్వో, డీఐ ఫిల్టర్లు (నీళ్లలో కరిగిన లవణాలను తీసేసేవి) దాటిన నీరు. కుళాయి నీళ్లలో క్లోరిన్, సిలికేట్, ఒక్కోసారి రాగి ఉంటాయి; రాగి చేపలకంటే ముందు రొయ్యలను, నత్తలను చంపుతుంది.

ఇక కొలిచే పనిముట్ల మీద నమ్మకం. ఒకాయన నెల రోజులు మందులు మార్చి మార్చి చూశారు. ఆయన రిఫ్రాక్టోమీటరులో (నీళ్లలో ఉప్పును కొలిచే పరికరంలో) లవణీయత సరిగ్గా 35, అంటే వెయ్యి వంతుల నీళ్లలో 35 వంతుల ఉప్పు, కనబడేది. నా దానితో కొలిస్తే 39! ఆయన దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకు సరిచేసుకుని ఊరుకున్నారు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నది 35 దగ్గర తప్పవచ్చు. లవణీయత కచ్చితంగా 35 ఉన్న ద్రావణంతోనే సరిచూడాలి. ఆ ద్రావణం సీసా మూత కూడా గట్టిగా బిగించండి. నీరు ఆవిరైపోతే అదీ అబద్ధమే చెబుతుంది.