ఆనప పిందె రాలిపోవడం: దిష్టి కథ, విస్తళ్ళ కథ

విజయనగరం నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. "ఆనప పాదు పందిరంతా కమ్మేసింది, పువ్వులకి లోటు లేదు. కానీ వేలెడు పిందె కనిపించిందో లేదో, నాలుగు రోజుల్లో పసుపు తిరిగి, కొసన మెత్తబడి రాలిపోతోంది. ఎదురింటావిడ వేలు పెట్టి చూపించిందని, దిష్టి తగిలిందని మా అత్తగారు అంటున్నారు. ఏ మందు కొట్టమంటారు?"

మందేం వద్దండీ. ముందు ఒక్క సంగతి చెప్పండి, మీరు ఆ పందిరి దగ్గరికి ఎన్నింటికి వెళ్తున్నారు? పొద్దున్న నీళ్ళు పోయడానికే వెళ్తుంటే అసలు పని జరిగిందో లేదో మీకు తెలిసే వీలే లేదు. ఆనప పువ్వు పొద్దు వాలాక విచ్చుకుంటుంది, తెల్లారి ఎండ ఎక్కేసరికి వాడిపోతుంది. ఆ ఒక్క రాత్రే దానికి ముహూర్తం.

గొయ్యి ఎంత లోతు తవ్వాలి, గత్తం (పశువుల ఎరువు) ఎన్ని తట్టలు వేయాలి, పందిరికి వెదురు ఎలా కట్టాలి, ఇవన్నీ మీ ఇంట్లో పెద్దవాళ్ళకి నాకంటే బాగా తెలుసు, నేను చెప్పను. నాకు సరదా అంతా ఆ పిందె దగ్గరే.

ఒక పాదు మీదే రెండు రకాల పువ్వులుంటాయి. మగపువ్వు సన్నటి పొడుగాటి కాడ మీద నిలబడుతుంది, రేకుల కింద ఏమీ ఉండదు, నడుమ మెలికలు తిరిగిన పసుపు ముద్ద ఉంటుంది, వేలు తాకిస్తే పుప్పొడి అంటుకుంటుంది. ఆడపువ్వు కాడ పొట్టిది, రేకుల కింద నూగు పట్టిన బుల్లి ఆనపకాయ అప్పటికే తయారుగా ఉంటుంది, నడుమ మూడు పాయలుగా చీలిన జిగురు మొగ్గ ఉంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే. పువ్వు పూసి, అది రాలి, ఆ తర్వాత పిందె పుడుతుందనుకుంటారు. ఆనపలో అలా కాదు. పువ్వు విచ్చుకోకముందే పిందె ఉంది. అది అండాశయం, అంతే. దాన్ని కాయ చేయాలా వద్దా అని పాదు ఇంకా నిర్ణయించుకోలేదు.

ఈ నిర్ణయం ఎలా జరుగుతుందో చెప్పడానికి నాకు మన బంతి భోజనాలకి మించిన పోలిక దొరకలేదు. ఆ బుల్లి పిందెలో వందల అండాలు వరసగా ఉంటాయి. అవి విస్తళ్ళు. పుప్పొడి రేణువులు చుట్టాలు. ఒక్కో విస్తరి ముందు ఒక్కో చుట్టం కూర్చోవాలి, అంటే ఒక్కో గింజకి ఒక్కో రేణువు కావాలి, ఒకరు వచ్చి పదిమంది పేరు చెప్పి తింటానంటే కుదరదు. కీలాగ్రం, అంటే ఆడపువ్వు నడుమ ఉన్న ఆ జిగురు మొగ్గ, మీద పడ్డ రేణువు మొలకెత్తి, సన్నటి గొట్టం దించుకుంటూ, లోపలి కణజాలం గుండా దారి చేసుకుని తన విస్తరి దగ్గరికి చేరుతుంది. చేరాక ఫలదీకరణ జరుగుతుంది, గింజ మొదలవుతుంది. అలా మొదలైన గింజ ఊరుకోదు, ఆక్సిన్ అనే హార్మోను తయారు చేస్తుంది. "ఇక్కడ మనిషి కూర్చున్నాడు, వడ్డించండి" అన్న కేక అది. ఆ కేక విన్నాకే ఆకుల్లో తయారైన చక్కెర పోషక నాళాల గుండా ఆ పిందె వైపు మళ్ళుతుంది. ఖాళీ విస్తరి ముందు ఏ వడ్డించేవాడూ ఆగడు.

ఇది ఊహ కాదు. 1950లో నిచ్ అనే శాస్త్రవేత్త స్ట్రాబెర్రీ మీద చేసిన ప్రయోగం దీనికి సాక్ష్యం. ఆ పండు పైన గింజల్లా కనిపించేవాటిని చిన్నప్పుడే గిల్లేస్తే పండు పెరగలేదు. కొన్ని వదిలి మిగిలినవి తీసేస్తే, వదిలిన వాటి చుట్టూనే కండ పెరిగింది. అన్నీ తీసేసి వాటి చోట ఆక్సిన్ పూసినా పండు పెరిగింది! చుట్టం లేకపోయినా కేక వినిపిస్తే చాలు, వడ్డన మొదలు.

ఇప్పుడు మీ పెరట్లో కాసిన వంకర కాయలు గుర్తు తెచ్చుకోండి. ఒక చివర లావుగా, మరో చివర నొక్కేసినట్టు ఉంటాయి. పుప్పొడి తక్కువ పడితే బంతిలో ఒక వైపే జనం కూర్చుంటారు, వడ్డన ఆ వైపే జరుగుతుంది, రెండో వైపు అలాగే ఉండిపోతుంది. అలాంటి కాయని నిలువునా కోసి చూడండి, సన్నంగా ఉన్న చోట గింజలు చాలాసార్లు తాలుగానే ఉంటాయి. (పురుగు కుట్టినా కాయ వంకర పోతుంది, ఆ సంగతి కింద చెప్తాను.) మరి బంతిలో ఒక్కరూ కూర్చోకపోతే? పాదు పందిరే పీకేస్తుంది. ఆక్సిన్ రావడం ఆగిపోతే, కాడ మొదట్లో ఉండే అతుకు పొర కణాలు ఇథిలీన్ అనే వాయువుకి లొంగిపోతాయి, కణాల మధ్య జిగురుని కరిగించే ఎంజైములు ఊరతాయి, పిందె ఊడిపోతుంది. ఈలోగా కొసన వాడి వేలాడే రేకుల ముద్ద వాన తడికి బూజు పడుతుంది, దగ్గర్నుంచి చూస్తే సన్నటి వెంట్రుకల చివర గుండుసూది తలల్లా నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అక్కడి నుంచి కుళ్ళు పిందెలోకి దిగుతుంది. మీరు చూసిన "కొస మెత్తబడడం" చాలావరకు ఇదే. అక్కరలేదని పాదు అప్పటికే వదిలేసిన పిందె మీద బూజు చేరిందన్నమాట.

వేలు పెట్టి చూపిస్తే కుళ్ళుతుందన్న మాట ఎలా పుట్టిందో కూడా దీంతో తేలిపోతుంది. మనం మురిసిపోయి చూపించేది ఎప్పుడూ కొత్త పిందెనే. పాదు ఇంకా అటో ఇటో తేల్చుకోని రోజులవి, ఎవరూ చూపించకపోయినా చాలా పిందెలు రాలే రోజులు. మూరెడు పెరిగిన కాయని ఊరంతా వచ్చి చూపించినా దానికేమీ కాదు, ఎందుకంటే అక్కడ బంతి నిండిపోయింది. పందిరికి దిష్టిబొమ్మ కడితే నాకు అభ్యంతరం లేదు, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ బయట చేరిన ఆడవాళ్ళు పాదు దగ్గరికి వస్తే మాడిపోతుందంటారు చూడండి, అది మాత్రం మానేయాలి. పాదుకి ఆ సంగతి తెలిసే దారే లేదు. పైగా ఇంట్లో రోజూ నీళ్ళు పోసేది వాళ్ళే.

బడిలో మాకు పువ్వు పాఠం మందారంతో చెప్పారు, ఇప్పటికీ చాలా చోట్ల అంతే. మందారంలో ఆడ, మగ భాగాలు ఒకే పువ్వులో ఉంటాయి కాబట్టి కోసి చూపించడం తేలిక. కానీ పిల్లలకి కథంతా తెలియాలంటే ఆనప పందిరే కావాలి. సాయంత్రం విచ్చుకోబోయే రెండు ఆడమొగ్గలకి ముందుగానే కాగితం సంచులు తొడగమనండి. పొద్దు వాలాక ఒకదానికి సంచి తీసి, మగపువ్వు పుప్పొడి అద్ది మళ్ళీ తొడగాలి, రెండోదాన్ని అలాగే వదిలేయాలి. ఆ తర్వాత ఇద్దరు పిల్లలు రోజూ రెండింటినీ వేళ్ళు పెట్టి చూపించాలి. వారంలో జవాబు వాళ్ళే చెప్తారు.

మరి చుట్టాలు ఎందుకు రావడం లేదు? చుట్టాలు తమంతట తాము రాలేరు, ఎవరో తీసుకురావాలి. ఆనప, గుమ్మడి లాంటివాటి పుప్పొడి బరువైనది, జిగురుది, గాలికి ఎగరదు. తెల్లగా చీకట్లో కనపడే ఆనప పువ్వుకి ముఖ్యంగా రాత్రి తిరిగే పెద్ద చిమ్మటలు వస్తాయి. పువ్వు మీద వాలకుండా గాల్లోనే నిలబడి, చుట్టి పెట్టుకున్న పొడుగాటి గొట్టాన్ని విప్పి తేనె పీలుస్తాయి. మన పల్లెల్లో ఆనపని, గుమ్మడిని పూరింటి మీదకి పాకించే రోజుల్లో ఇంటి చుట్టూ చీకటి, పొదలు, చెరువు గట్టు ఉండేవి. ఇప్పుడు డాబా మీద కుండీలో పాదు, గోడ పక్కనే కరెంటు స్తంభానికి తెల్లటి ఎల్ఈడీ లైటు. 2017లో స్విట్జర్లాండ్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక లెక్క ప్రచురించారు: దీపాలు పెట్టిన పచ్చిక బయళ్ళలో రాత్రి కీటకాలు పువ్వుల దగ్గరికి రావడం 62 శాతం తగ్గింది, వాళ్ళు గమనించిన ఒక ముళ్ళ మొక్కలో కాయ కట్టడం 13 శాతం తగ్గింది. పగటి కీటకాలు వచ్చినా ఆ లోటు తీరలేదు. అది ఆనప కాదు, ఊరు మనది కాదు, అయినా మీ వీధి లైటు కిందున్న పందిరి విషయంలో నాకైతే అనుమానం దాని మీదకే పోతుంది. దానికి తోడు సాయంత్రం పూట పురుగుమందు కొట్టేవాళ్ళు ఉంటారు, సరిగ్గా చుట్టాలు బయల్దేరే వేళకి!

వాన ఇంకో శత్రువు. పుప్పొడి రేణువు లోపల చిక్కటి ద్రవం ఉంటుంది, నీటి చుక్క తగిలితే అది నీళ్ళు లాక్కుని ఉబ్బి పగిలిపోతుంది. మనకి అక్టోబరు అంటే తుపాన్ల నెల, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. ముసురు పట్టిన వారంలో పిందెలన్నీ రాలితే పాదుకి జబ్బు చేసిందని కంగారు పడకండి. ఎండాకాలం మరీ కాక ఎక్కినా పుప్పొడి చచ్చుబడుతుంది.

కాబట్టి చుట్టాల్ని మనమే తీసుకెళ్ళాలి. రాత్రి ఏడు, ఎనిమిది మధ్య అప్పుడే విచ్చుకున్న మగపువ్వు కోసి, రేకులు వెనక్కి తుంచేసి, ఆ పసుపు ముద్దని ఆడపువ్వు నడుమ మూడు పాయలకీ తగిలేలా మెల్లగా తిప్పండి. ఒక పాయకే పూసి వదిలేయొద్దు, బంతి అంతటా జనం కూర్చోవాలి కదా. వీలైతే రెండు మగపువ్వులు వాడండి. పని అయితే మూడు నాలుగు రోజుల్లో పిందె రంగు తేలి, నిగనిగలాడుతూ కిందికి వాలుతుంది.

కొందరికి ఆడపువ్వులే రావు, అది వేరే గొడవ. మొదట కొన్నాళ్ళు మగపువ్వులే రావడం మామూలే. దోస జాతి (ఆనప కూడా ఇందులోదే) మొగ్గలో మొదట రెండు లింగాల ఆనవాళ్ళూ ఉంటాయి, తర్వాత ఒకటి ఆగిపోతుంది. మొగ్గలో ఇథిలీన్ ఎక్కువ తయారైతే కేసరాలు, అంటే మగ భాగాలు, ఆగి ఆడపువ్వు అవుతుంది, జిబ్బరెల్లిన్ అనే ఇంకో హార్మోను పైచేయి అయితే మగపువ్వు. వెండి అయాన్లు చల్లి ఇథిలీన్ పనిని అడ్డుకుంటే ఆడ మొక్క మీద కూడా మగపువ్వులు వస్తాయి, విత్తన సంస్థలు ఈ కిటుకు వాడుకుంటాయి. పగలు పొడుగై, వేడి పెరిగి, నత్రజని ఎక్కువైతే పాదు మగ వైపు మొగ్గుతుంది. పగలు తగ్గి, చల్లబడితే ఆడ వైపు. శ్రీకాకుళంలో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరులో 11 దగ్గరికి వస్తుంది. ఆరుద్ర కార్తెలో గింజ పెట్టమనే పెద్దల లెక్కకి వాన ఒక కారణం, పగలు తగ్గే కాలానికి పాదు పూతకి రావడం ఇంకో లాభం. యూరియా పిడికెళ్ళతో పోసేవాళ్ళకి తీగ బాగా వస్తుంది, కాయ రాదు, గత్తంతో ఆ బెడద తక్కువ, ఎందుకంటే అందులో నత్రజని మెల్లగా విడుదలవుతుంది. తీగ కొస గిల్లడం కూడా మంచి పాత పద్ధతే: పక్క కొమ్మలు వేస్తే వాటి మొదటి కణుపుల్లోనే ఆడపువ్వులు ఎక్కువ.

పందిట్లో ఇంకో రాజకీయం ఉంది. ముందు నిండిన బంతి వడ్డించేవాళ్ళందరినీ లాగేసుకుంటుంది. విత్తనానికని మొదటి కాయనే ముదరబెడితే దాంట్లోని వందల గింజలు ఆపకుండా కేకలేస్తుంటాయి, వెనకొచ్చే పిందెలకి చక్కెర అందదు. కూరకి కావాలంటే లేతగా కోసేస్తూ ఉండండి, విత్తనపు కాయని కాపు చివర్లో వదలండి. పక్క పెరట్లో చేదు ఆనప ఉంటే మన కాయ చేదెక్కుతుందా అని కూడా అడుగుతారు. ఎక్కదు, కండ మొత్తం తల్లి మొక్కదే, చుట్టం ఎవరైనా వంట ఆ ఇంటిదే. కానీ ఆ గింజ నాటితే వచ్చే ఏడాది చేదు తేలొచ్చు. కోసేటప్పుడు చిన్న ముక్క నాలికకి తగిలించి చూసి, చేదుగా ఉంటే మొత్తం పారేయండి, ఆ చేదుకి కారణమైన కుకుర్బిటసిన్లు అనే పదార్థాలు నిజంగానే ప్రమాదం, రసం తాగితే మరీను.

ఇక పిందె మీద సూదితో గుచ్చినట్టు చుక్క, దాని నుంచి జిగురు కారడం కనిపిస్తే అది పండు ఈగ. తోలు కింద గుడ్లు పెడుతుంది, లోపల పురుగులు తింటాయి, గుచ్చిన చోట కాయ వంగిపోతుంది. లేత పిందెకి కాగితమో గుడ్డో చుట్టే పాత అలవాటు దీనికి సరైన విరుగుడు, అయితే పుప్పొడి పని అయ్యాకే చుట్టాలి. రాలిన కాయలు పాదులోనే వదిలేస్తే పురుగులు మట్టిలోకి దిగి గూడు కట్టి మళ్ళీ ఈగలై లేస్తాయి, కాబట్టి ఏరి లోతుగా పాతిపెట్టండి.

అన్నిటికీ ఒకే ముహూర్తం కాదు. బీర, పొట్ల సాయంత్రం తర్వాతే విచ్చుకుంటాయి. గుమ్మడి, దోస, కాకర, నేతిబీర పొద్దున్నే, వాటికి తేనెటీగలు వస్తాయి, గుమ్మడికి చేత్తో అద్దాలంటే ఎనిమిది లోపే అయిపోవాలి. వానాకాలం సీతంపేట సంతలో అమ్మే ఆగాకరకి ఇంకా చిక్కు, ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు, దుంప తెచ్చి నాటుకున్నవాళ్ళు మగదొకటి కూడా తెచ్చుకోకపోతే ఏళ్ళ తరబడి పువ్వులే చూస్తారు. దొండ కూడా అలా విడివిడి మొక్కల జాతే. కానీ నా పోలికంతా దొండ దగ్గర చిత్తు! మనం పెరట్లో పెంచే దొండ ఆడ తీగల్లో చాలావాటికి పుప్పొడి పడకపోయినా కాయ కడుతుంది, ఒక్క చుట్టం రాకుండానే వడ్డన జరిగిపోతుంది. అందుకే దాన్ని ఎవరూ గింజ పెట్టి పెంచరు. పక్కింటి నుంచి పెన్సిలంత లావు ముదురు తీగ ముక్క, మూడు నాలుగు కణుపులున్నది, అడిగి తెచ్చుకుని గుచ్చండి.