175 డాలర్ల ట్యూబా

ట్యూబా అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది పరేడ్. పోలీస్ బ్యాండులో ఒకాయన భుజం చుట్టూ కొండచిలువలా చుట్టుకున్న పెద్ద ఇత్తడి బూరను మోస్తూ ‘భోం భోం’ అనిపిస్తుంటాడు. అది సూసాఫోన్. ట్యూబాకు నడిచే తమ్ముడు అనుకోవచ్చు. అన్నగారు ఆర్కెస్ట్రా వెనక వరసలో, వాయించేవారి ఒళ్లో కూర్చుంటాడు. అక్కడ కూడా ఆయన పని భోం భోం అనడమేనని చాలాకాలం నమ్మాను.

ఆ నమ్మకం పోయింది ఆర్నాల్డ్ జేకబ్స్ వల్ల. 1944 నుంచి 1988 దాకా అమెరికాలోని షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో ట్యూబా ఆయనదే. ఇంగ్లీషు స్వరకర్త వాన్ విలియమ్స్ 1954లో రాసిన ట్యూబా కన్చెర్టోను, అంటే ట్యూబా ముందుంటే ఆర్కెస్ట్రా తోడుగా వాయించే రచనను, 1977లో కండక్టర్ బారెన్‌బోయిమ్ ఆధ్వర్యంలో జేకబ్స్ రికార్డు చేశారు. మధ్య భాగం వినండి. తీగవాద్యాలు కాస్త దూరం దారి చూపించాక ట్యూబా పాట అందుకుంటుంది. అంత లోహంలోంచి వస్తున్నట్టే ఉండదు, మంద్రస్థాయిలో ఎవరో పెద్దాయన తనలో తాను పాడుకుంటున్నట్టుంటుంది. అప్పటికి జేకబ్స్‌కు అరవై దాటాయి. పైగా ఆస్తమా.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. జేకబ్స్ వాయించిన ‘సి’ ట్యూబాలో గొట్టం విప్పితే సుమారు 16 అడుగులు. మీటలేవీ నొక్కకుండా అందులో పలికే అన్నిటికంటే కింది స్వరం ‘సి’, సెకనుకు దాదాపు 33 కంపనాలు. గాలిలో దాని తరంగం పొడవు పదిన్నర మీటర్లు, అంటే గొట్టానికి సుమారు రెట్టింపు. ఫోన్‌లోని బుల్లి స్పీకర్ ఆ కంపనాలను పలికించలేదు. దానితో పాటే పైస్థాయిల్లో సన్నగా పలికే అనుస్వరాలను బట్టి కింది స్వరాన్ని మెదడు ఊహించుకుంటుంది. స్వరం తెలుస్తుంది కానీ ఛాతీకి తగిలే ఆ బరువు రాదు. తంబురాను ఫోన్‌లో విన్నప్పుడు జరిగే మోసమే ఇది కూడా.

ఇక ఆయన వాద్యం సంగతి. 1930ల మొదట్లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా కండక్టర్ స్టొకోవ్‌స్కీ కోరిక మీద, మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో యార్క్ కంపెనీ ఒక భారీ ట్యూబా తయారుచేసింది. అది ఆ ఆర్కెస్ట్రాలో వాయించే ఫిలిప్ డొనటెల్లీ కోసం. ఆయనది పెద్ద శరీరం. ట్యూబాను ఒళ్లో పెట్టుకుంటే ఊదే గొట్టం నోటికి సరిగ్గా అందలేదు. దాంతో తన కుర్ర శిష్యుడికి 175 డాలర్లకు అమ్మేశారు. ఆ కుర్రాడే జేకబ్స్. బొజ్జ అడ్డం రావడం వల్ల సంగీత చరిత్రకు ఇంత మేలు జరిగిన సందర్భం ఇంకొకటి నాకు తెలియదు. తర్వాత ఇంకో యార్క్ కూడా ఆయన చేతికొచ్చింది. ఇప్పుడు రెండూ షికాగో ఆర్కెస్ట్రావే. స్విట్జర్లాండ్‌లో హిర్ష్‌బ్రున్నర్, జపాన్‌లో యమహా ఆ యార్క్ నమూనా మీదే ట్యూబాలు చేశారు.

వాద్యం మీద నాకూ మోజే. అయినా అంతకంటే ఆసక్తికరమైనది ఆ వాద్యంలోకి వెళ్లిన గాలి. ట్రంపెట్‌లో పై స్వరానికి నోటిలో ఒత్తిడి ఎక్కువ కావాలి, గాలి సన్నగా పోతే చాలు. ట్యూబా కింది స్వరాలు దీనికి పూర్తిగా ఎదురు. ఒత్తిడి తక్కువ, గాలి బోలెడు. ఆస్తమా ఉన్న మనిషికి ఇంతకంటే ఇబ్బంది పెట్టే వాద్యం దొరకదు. అందుకే జేకబ్స్ డాక్టర్లు చదివే శరీరశాస్త్ర పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. పొట్ట బిగించి ఊదాలని అప్పటి గురువులు చెప్పేవాళ్లు. బరువు ఎత్తేటప్పుడు చూడండి, పొట్ట బిగుసుకుంటుంది, గొంతు మూసుకుంటుంది, ఊపిరి లోపలే ఆగిపోతుంది. బిగింపు ఎక్కువైతే గాలి కదలదు. కదిలే గాలే కావాలి, బిగబట్టిన గాలి కాదని ఆయన వాదన.

ఆయన పాఠం చెప్పే గదిలో ఊపిరి కొలిచే వైద్య పరికరాలు ఉండేవి. ఆపరేషన్ అయినవాళ్లకు ఆస్పత్రిలో మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి పీల్చమంటారే, ఆ కుటుంబానికి చెందినవే. మన దగ్గర దొరికే వాటిలో మూడో బంతి లేవాలంటే సెకనుకు 1200 సీసీల గాలి లోపలికి పోవాలి. గాలి కంటికి కనిపించదు, బంతి కనిపిస్తుంది. బంతిని చూస్తూ పీల్చే మనిషి కండరాల గురించి ఆలోచించడం మానేస్తాడు. జేకబ్స్‌కు కావలసింది అదే. ఇంత శరీరశాస్త్రం చదివిన మనిషి శిష్యులకు మాత్రం ‘పాట, గాలి’ అని రెండే మాటలు చెప్పేవారు. అందులోనూ పాటకే పెద్దపీట.

అప్పుడప్పుడు ట్యూబాను పక్కన పెట్టించి, గుప్పెట్లో పట్టే మౌత్‌పీస్ ఒక్కటే పెదాలకు ఆనించి పాట వాయించమనేవారు. చెవిలో దోమ దూరినట్టు జుయ్ జుయ్‌మంటుంది. ఆ దోమ శ్రుతిలో పాడేదాకా పక్కనున్న ట్యూబా అలా కూర్చోవలసిందే.