మడమ మీద నాలుగు చుక్కలు: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో పసిపిల్లల వార్డు నర్సుని. పుట్టిన బిడ్డ మడమ నుంచి నాలుగు రక్తపు చుక్కలు కాగితపు కార్డు మీద పట్టి, పుట్టుకతో వచ్చే జబ్బులేవైనా ఉన్నాయేమో పరీక్షకు పంపుతాం. దాని గురించి బాలింతల మంచాల దగ్గర రోజూ వినే మాటలివి.

అపోహ: మా పాప బంగారం, ఏడవనే ఏడవదు. పరీక్షలెందుకు?

ఈ మాట వింటే నాకు కాస్త టెన్షన్. చాలామంది పిల్లలు నిజంగానే నెమ్మదస్తులు. కానీ పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డా ఇలాగే ఉండొచ్చు. ఎప్పుడూ మగతే, పాలకు లేపాల్సిందే, పసిరికలు ఓ పట్టాన తగ్గవు. తల్లి హార్మోను కడుపులో కొంత అంది ఉంటుంది కనక మొదట్లో ఈ గుర్తులు కూడా ఉండకపోవచ్చు. కనిపించేదాకా ఆగితే మెదడు దెబ్బతింటుంది, అది తిరిగి రాదు. రెండు వారాల్లోపు మందు మొదలైతే దాదాపు అందరు పిల్లల్లాగే ఎదుగుతారు. మందంటే చిన్న థైరాక్సిన్ మాత్ర. పొడిచేసి, తల్లిపాలలో కలిపి ఉగ్గుగిన్నెతో పట్టడమే. మన దేశంలో సుమారు వెయ్యి మందికి ఒక బిడ్డకు ఈ లోపం ఉంటోంది.

అపోహ: మాది మేనరికం కాదు.

మేనరికాల్లో ఫినైల్‌కీటోన్యూరియా లాంటి జన్యుజబ్బులు ఎక్కువే. థైరాయిడ్ లోపం మాత్రం చాలావరకు ఆ గ్రంథి సరిగా ఏర్పడక వచ్చేది. దానికి వంశంతో పెద్దగా పనిలేదు.

అపోహ: పుట్టగానే రక్తం తీసేస్తే పోలా?

థైరాయిడ్ లోపాన్ని పట్టేది టీఎస్‌హెచ్ అనే హార్మోను ఎక్కువుందా అని చూసి. పుట్టిన వెంటనే అది ఏ బిడ్డకైనా పెరుగుతుంది. అందుకే 24 గంటలు దాటాక, 72 గంటల్లోపు తీస్తాం. మడమను గోరువెచ్చని గుడ్డతో కాపి, మధ్యలో కాకుండా పక్కన గుచ్చుతాం. మధ్యలో ఎముక దగ్గరగా ఉంటుంది. మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి చుక్కలు కార్డు మీది గుండ్రాల్లో వెనక్కి ఇంకేదాకా పడనివ్వాలి. ఆ కాసేపూ బిడ్డను రొమ్ముకు పెట్టుకోమంటాను, ఏడుపు సగం తగ్గుతుంది. కార్డు నీడలోనే ఆరాలి. కొత్తలో నేనొకటి మే నెల ఎండలో కిటికీ దగ్గర పెట్టి, మళ్ళీ ఆ బిడ్డనే గుచ్చాల్సి వచ్చింది. వాళ్ళ అమ్మమ్మ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అపోహ: రిపోర్టులో తేడా ఉంటే జబ్బు ఉన్నట్టే.

కాదు. నరంలోంచి రక్తం తీసి మళ్ళీ చూశాకే తేలుస్తారు.

అపోహ: ఇవన్నీ అమెరికా వాళ్ళకీ, కార్పొరేట్ ఆస్పత్రులకీ.

1960ల్లో అమెరికా డాక్టరు రాబర్ట్ గత్రీ ఈ కాగితం మీది చుక్కల పద్ధతి తెచ్చాక అమెరికాలో అన్ని రాష్ట్రాలకూ పాకింది. ఐసు పెట్టెలు అక్కర్లేదు, ఆరిన కాగితం పోస్టులో పోతుంది. అంటే పల్లెటూరి పీహెచ్‌సీలో పుట్టిన బిడ్డకే ఇది ఎక్కువ అక్కరకొస్తుంది. మన దగ్గర గోవా, కేరళ ప్రభుత్వాలు మొదలుపెట్టాయి. దేశమంతటా ప్రతి బిడ్డకీ ఇంకా అందడం లేదు.

నన్నడిగితే, పరీక్ష మిషను కొనడం కంటే, రిపోర్టులో తేడా వచ్చాక ఇంటికెళ్ళిపోయిన బిడ్డను వెతికి పట్టుకోవడమే కష్టం. తొలి కాన్పు పుట్టింట్లో. కేస్ షీట్‌లో అడ్రసు చిలకలూరిపేటలోని అత్తగారిది, తల్లీబిడ్డా ఉండేది సత్తెనపల్లిలో. ఇచ్చిన ఫోను నంబరు మామగారిది, ఆయనేమో కొత్త నంబరైతే ఎత్తరు. ఓసారి ఒక బిడ్డ కోసం ఇలాగే మూడు రోజులు ఫోన్లు చేశాం. చివరికి ఆ ఊరి ఆశా కార్యకర్త ఇంటికెళ్ళి పిలుచుకొచ్చింది. అప్పట్నుంచీ కార్డు మీద రెండు నంబర్లు రాయించుకుంటున్నాను. ఒకటి తల్లిది, ఇంకొకటి పుట్టింటి ఊరి ఆశాది.