వంక ఎండినప్పుడే బ్రిడ్జి కాళ్లు చూడాలి

కడప జిల్లాలో మా ఊరి పక్కన హైవే మీద ఒక పాత బ్రిడ్జి ఉంది. కింద వంక. ఏడాదిలో పది పదకొండు నెలలు అందులో చుక్క నీరుండదు, బ్రిడ్జి నీడలో మేకలు పడుకుంటాయి, పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. దాన్ని కొట్టేసి కొత్తది కడతారని తెలిసినప్పటి నుంచి ఊళ్లో ఒకటే మాట: "నీళ్లే లేని వంకకు అంత బ్రిడ్జి ఎందుకన్నా, పైన నాలుగు గుంతలు పూడిస్తే సరిపోదా?" నన్ను కూడా చాలామంది అడిగారు. జవాబు ఆ ఇసుక కింద ఉంది, అందుకే ఇంత రాస్తున్నా.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. ఒక చదరపు కిలోమీటరు నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే అది కోటి లీటర్ల నీరు. వంద చదరపు కిలోమీటర్ల నేల నుంచి నీళ్లు వచ్చే వంక మీద ఒక రాత్రి పది సెంటీమీటర్ల వాన కురిసిందంటే వెయ్యి కోట్ల లీటర్లు. సగం నేలలోకి ఇంకిపోయిందనుకున్నా మిగతా ఐదు వందల కోట్ల లీటర్లు, మన గుట్టలు బోడివి కాబట్టి ఎక్కడా ఆగకుండా, కొన్ని గంటల్లోనే ఆ బ్రిడ్జి ఖానాల గుండా, అంటే పిల్లర్ల మధ్య ఖాళీల గుండా దూరాలి. వంక నెమ్మదిగా నిండదు, ఒక్కసారిగా వస్తుంది.

అలా వచ్చిన నీళ్లు పిల్లర్‌ను తోసి పడేస్తాయని మనం అనుకుంటాం. కానీ చాలా బ్రిడ్జిలు పోయేది కింద నేల కోతకే. పారే నీళ్లలో నిలబడితే మడమల కింద ఇసుక జారిపోవడం అందరికీ తెలిసిందే కదా, పిల్లర్‌కూ అదే జరుగుతుంది. వేగంగా వచ్చిన నీరు పిల్లర్ ముఖానికి తగిలి, దారిలేక కొంత కిందికి దూకి, అడుగున సుడులు తిరుగుతూ రెండు పక్కలా చుట్టుకుపోతూ ఇసుకను తోడేస్తుంది. నీటి వేగం రెండింతలైతే అది దొర్లించగలిగే రాయి బరువు సుమారు 64 రెట్లు పెరుగుతుందని లెక్క, అందుకే నిన్నటిదాకా కదలని గుండు ఆ రాత్రి కొట్టుకుపోతుంది. పాత బ్రిడ్జికి ఖానాలు ఇరుకు, పిల్లర్లు లావు. దారి ఇరుకైనకొద్దీ వేగం ఎక్కువ, కోత ఎక్కువ.

నాకు దీంట్లో అన్నిటికంటే భయం కలిగించేది ఇంకొకటి. వరద తగ్గేటప్పుడు అదే నీరు మోసుకొచ్చిన వదులు ఇసుకతో ఆ గుంత మళ్లీ పూడిపోతుంది. తెల్లారి వెళ్లి చూస్తే వంక ఎప్పటిలాగే కనిపిస్తుంది. పునాది చుట్టూ గట్టి నేల పోయి ఉత్త ఇసుక మిగిలిందని కంటికి తెలియదు.

అందుకే కొత్త బ్రిడ్జి డిజైన్ లోతుతోనే మొదలవుతుంది. మన దేశపు కాలువలను గమనించి జెరాల్డ్ లేసీ అనే ఇంజనీరు 1930లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. వరద నీటిమట్టం నుంచి కోత సగటున ఎంత లోతుకు పోతుందో దాంతో లెక్క కడతారు, పిల్లర్ దగ్గర దానికి రెండింతలు పోవచ్చని తీసుకుని పునాదిని ఇంకా కిందికి దింపుతారు. నూరేళ్ల వరద అనే మాట కూడా వింటుంటాం. నూరేళ్లకు ఒకసారే వస్తుందని దాని అర్థం కాదు, ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు వచ్చే అవకాశం ఉన్న వరద అని. యాభై ఏళ్లలో ఒక్కసారైనా అది వచ్చే అవకాశం నూటికి దాదాపు 40.

మన జిల్లాకు ఈ పాఠం కొత్తేమీ కాదు. 1902 సెప్టెంబరులో ముద్దనూరు దగ్గర మంగపట్నంలో వరదకు రైలు బ్రిడ్జి కొట్టుకుపోయి, అది తెలియక వచ్చిన మెయిల్ రైలు వంకలో పడి పదుల మంది చనిపోయారు. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపఘ్ని మీది బ్రిడ్జి కూలింది, కడప–తాడిపత్రి రాకపోకలు ఆగిపోయాయి.

పైభాగానికీ వయసు మీద పడుతుంది. సిమెంటులోని క్షారం కమ్మీలను తుప్పు పట్టనివ్వదు, కానీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి పాకి ఆ క్షారాన్ని చంపేస్తుంది. తుప్పు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు కోరుతుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది, మనకు కనిపించే పెచ్చులు అవే. పైగా సిమెంటు లారీలు, బండల లారీలు. మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు పరిమితి 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. పాత బ్రిడ్జి కట్టిన రోజుల్లో ఇలాంటి బండ్లు ఇన్నేసి తిరుగుతాయని ఎవరూ అనుకోలేదు.

ఇసుక గురించి చెప్పకుండా ఉండలేను. బ్రిడ్జికి దగ్గర్లో రాత్రిళ్లు ట్రాక్టర్లతో ఇసుక తోలేవాళ్లు, వరద చేయాల్సిన కోతను ముందే చేసిపెడుతున్నారు. మా బ్రిడ్జి పిల్లర్ల మీద పాత నేల మట్టం మరక ఇప్పుడు నా నడుము ఎత్తులో ఉంది. అంటే మూడడుగుల నేల, ఏ వరదా రాకుండానే పోయింది. అది చూసినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది.

పోయిన వేసవిలో వంకలో బోరు మిషను దింపి నేల పరీక్ష చేస్తుంటే వెళ్లి చూశాను. పైన ఇసుక, తర్వాత గులకరాళ్లు, దాని కింద జిగట మట్టి, ఆ తర్వాత గానీ రాయి తగల్లేదు. తగిలాక కూడా ఆపలేదు. ఎందుకు బాబూ అని అక్కడున్న కుర్రాణ్ణి అడిగితే, "పైపొర పగుళ్ల రాయి సార్, గట్టి రాయి దాకా పోయి దాంట్లోకి కొంత దిగితేనే పైల్ కదలదు" అన్నాడు. పైల్ అంటే పునాది కోసం నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభం. తీసిన రాతి కడ్డీలను చెక్కపెట్టెలో వరుసగా పేర్చి, ఒక్కోదాని పక్కన ఎంత లోతులో దొరికిందో రాసుకుంటున్నాడు. చివరిది నా చేతికిచ్చాడు. నాపరాయి, మా ఇంటి అరుగు మీద పరిచిందే, ఇంకా తడిగా ఉంది.