డైరెక్టరీలో పిచ్చి గీతలొస్తే డేటా ఖరాబైనట్టేనా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే: "అన్నా, యాక్టివ్ డైరెక్టరీ ఖరాబైంది, ఐడీల నిండా పిచ్చి గీతలే!" యాక్టివ్ డైరెక్టరీ అంటే ఆఫీసులో అందరి లాగిన్ ఖాతాలనూ ఉంచే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ. ఒకాయనైతే సర్వర్‌కు వైరస్ పట్టిందని ఆఫీసంతా చాటాడు.

అపోహ: చదవరాకపోతే డేటా పాడైనట్టే.

వాస్తవం: ఆబ్జెక్ట్ జీయూఐడీ అంటే డైరెక్టరీ ప్రతి ఖాతాకూ ఇచ్చే ప్రత్యేక ఐడీ, 16 బైట్ల బైనరీ. అందులో అక్షరాలే లేవు, చదవడానికేముంటుంది? పైథాన్‌లో దాన్ని యూటీఎఫ్-8గా (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) డీకోడ్ చేయబోతే దాదాపు ప్రతిసారీ ఎర్రర్ వస్తుంది, రావాలి కూడా. కొంప ముంచేది ఆ తర్వాతి సలహా. "ఎర్రర్స్ దగ్గర ఇగ్నోర్ పెట్టు, పోతది" అంటారు వాట్సాప్ గ్రూపుల్లో. పోతుంది నిజమే, కుదరని బైట్లను కూడా వెంటబెట్టుకుని పోతుంది. మిగిలిన ముక్క నుంచి అసలు ఐడీని ఎవరూ తిరిగి తేలేరు.

మిర్యాలగూడ తమ్ముడొకడు కాలేజీ పోర్టల్‌కు ఇట్లాగే సింక్ (డైరెక్టరీలోని ఖాతాలతో పోర్టల్‌ను సరిచూసే స్క్రిప్ట్) రాశాడు. ఆ ముక్క ఐడీలతో డైరెక్టరీలో వెతికితే ఒక్కరూ దొరకలేదు. పిల్లలంతా కాలేజీ వదిలి వెళ్లారనుకుని స్క్రిప్ట్ అందరి లాగిన్లూ ఆపేసింది, అదీ పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో. రాత్రిపూట ఫోన్ చేసి "అన్నా, నా నౌకరి పోతదా?" అన్నాడు. పాపం, గొంతు వణుకుతోంది. డైరెక్టరీకి ఏమీ కాలేదు, చెడింది పోర్టల్‌లోని ఐడీ కాలమ్ ఒక్కటే. డీకోడ్ తీసేసి, సర్వర్ నుంచి బైట్లు మళ్లీ తెచ్చి నింపితే సరిపోయింది. డైరెక్టరీని చదివే పైథాన్ లైబ్రరీ పైథాన్-ఎల్‌డాప్, ఖాతాలోని విలువలన్నిటినీ బైట్లుగానే ఇస్తుంది. పేరు, మెయిల్ లాంటివి డీకోడ్ చేసుకోండి. జీయూఐడీ, ఎస్ఐడీ (ఖాతా భద్రతా ఐడీ), ఫోటోలను డీకోడ్ చేసే జోలికి పోకండి.

అపోహ: బైట్లను వరుసగా హెక్స్‌లో (0-9, a-f గుర్తులతో) రాస్తే జీయూఐడీ వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. మొదటి 4 బైట్లు, తర్వాతి 2, ఆ తర్వాతి 2 దేనికది తిరగేసి ఉంటాయి. చివరి 8 మాత్రం వరుసలోనే. పైథాన్ యూయూఐడీ మాడ్యూల్‌లో 'బైట్స్' బదులు 'బైట్స్ ఎల్ఈ' (bytes_le) వాడండి. తప్పు వరుసలో రాసినా ఎర్రర్ రాదు, చూడ్డానికి చక్కగానే ఉంటుంది, అందుకే టెన్షన్. డైరెక్టరీని అడిగే ఫిల్టర్‌లో వెతికేటప్పుడు మాత్రం సర్వర్ ఇచ్చిన వరుసే ఉంచి, ఒక్కో బైటుకు బ్యాక్‌స్లాష్, రెండు హెక్స్ అంకెలు రాయాలి.

అపోహ: ఎల్‌డిఫ్‌లో (డైరెక్టరీ డేటాను టెక్స్ట్‌గా దించే ఫైల్) రెండు కోలన్లుంటే ఎన్‌క్రిప్ట్ అయినట్టు.

వాస్తవం: ఉత్త బేస్64, అంటే బైట్లను మామూలు అక్షరాలతో రాసే పద్ధతి. పేరు తెలుగులో రాసినా అట్లాగే వస్తుంది.

ఫోటో తెరుచుకోవట్లేదా? ఫైల్‌ను బైనరీ మోడ్‌లో రాశారో లేదో చూసుకోండి.