గుర్రం కడుపులో ఇద్దరికి చోటు చాలదు

పిల్లలూ,

మేక రెండు పిల్లల్ని ఈనితే ఇంటిల్లిపాదికీ సంబరం. మూడు ఈనినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఆడగుర్రం చూడి కట్టి, స్కానింగులో రెండు పిండాలు కనబడితే మాత్రం పశువైద్యుడు ఒకదాన్ని తీసెయ్యాలంటాడు. వినడానికి ఇది కటువుగా ఉంటుంది. ఎందుకలా అంటాడో, ఎలా చేస్తాడో, ఆలస్యమైతే ఏమవుతుందో మీకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం.

ముందు మాయ సంగతి, అంటే తల్లి గర్భసంచికీ పిల్లకూ లంకె కలిపే పొర సంగతి తెలియాలి. ఆవులో మాయ గర్భసంచికి అంతటా అతుక్కోదు. సుమారు 70 నుంచి 120 బొడిపెలుంటాయి, వాటి దగ్గరే తల్లికీ దూడకూ లంకె. గుర్రంలో అలా కాదు. గర్భసంచికి రెండు పక్కలా చీలిన పాయల్ని కొమ్ములంటారు. ఆ రెండు కొమ్ముల కొసల నుంచి గర్భసంచి మూతి దాకా లోపలి పొరంతా మాయతో ఆనుకుని ఉంటుంది. ఒక్క పిల్ల 11 నెలలు పెరగడానికే ఆ జాగా అంతా కావాలి. పిల్లలు రెండైతే వాటి మాయలు ఒకదానికొకటి తగిలే మేర తల్లి పొర ఆనదు, అక్కడ ఆహారమూ ప్రాణవాయువూ అందవు. చాలాసార్లు ఒక పిల్ల ఒక కొమ్మునూ, నడిమి భాగంలో ఎక్కువ వంతునూ ఆక్రమించుకుంటుంది. రెండోది మిగిలినదానితో కొన్ని నెలలు నెట్టుకొస్తుంది. ఏడో నెల దాటాక అవసరం పెరిగి, అది చాలక చనిపోతుంది. అప్పుడు బాగున్న పిల్ల కూడా దానితోపాటే ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండకముందే పడిపోతుంది. నాకు బాధ కలిగించేది ఆ రెండో చావే.

1973లో జెఫ్‌కాట్, విట్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రాల్లో 62 కవల చూళ్ళ వివరాలు ప్రచురించారు. వాటిలో నూటికి 64కి పైగా చూళ్ళలో ఒక్క పిల్ల కూడా ప్రాణంతో బయటపడలేదు. రెండూ ప్రాణంతో పుట్టినవి నూటికి 15 కూడా లేవు. కవల గుర్రప్పిల్లలు చెంగుచెంగున గెంతే ఫొటోలు మీరు చూసే ఉంటారు. అవి నిజమే, కానీ అరుదు.

గుర్రాల్లో ఒకే అండం చీలి కవలలు కావడం చాలా అరుదు. ఒకే ఎదలో రెండు అండాలు విడుదలవడం వల్లే కవలలు కలుగుతాయి. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తేవి థరోబ్రెడ్‌లే. ఆ జాతిలో ఇది ఎక్కువ, పోనీలనే పొట్టి గుర్రాల్లో తక్కువ. రెండు అండాలూ ఒకేరోజు విడుదల కానక్కరలేదు. మగగుర్రం వీర్యకణాలు రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు బతికి ఉంటాయి కాబట్టి, రెండు రోజులు వెనకబడిన అండం కూడా చూడి కడుతుంది. తొందరపడి 12వ రోజున స్కాన్ చేస్తే ఆ రెండోది కనబడకపోవచ్చు. "ఒకటే ఉంది" అని యజమాని నిశ్చింతగా ఇంటికి వెళ్తాడు, ఎనిమిదో నెలలో నష్టపోతాడు.

ఇక్కడ ప్రకృతి మనకొక మంచి అవకాశం ఇచ్చింది. గుర్రం పిండం తొలిరోజుల్లో ఒకచోట నిలవదు. ద్రవం నిండిన గుండ్రటి సంచిగా గర్భసంచిలో ఈ కొమ్ము నుంచి ఆ కొమ్ముకు తిరుగుతూనే ఉంటుంది. సుమారు 16వ రోజుకు ఒక కొమ్ము మొదట్లో స్థిరపడుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో గింథర్ 1980లలో ఈ తిరుగుడును అల్ట్రాసౌండుతో చూసి వివరించాడు. అందుకే అండం విడుదలైన నాటి నుంచి లెక్కపెట్టి 14, 15 రోజుల్లో స్కాన్ చెయ్యాలి. మగగుర్రంతో దాటించిన రోజు నుంచి లెక్కపెట్టడం చాలాచోట్ల జరిగే పొరపాటు, రెండు రోజుల తేడా ఇట్టే వస్తుంది.

ఇక చేసే విధానం. గుర్రాన్ని ట్రెవిస్‌లో, అంటే కదలకుండా నిలిపే చట్రంలో నిలబెట్టి, పురీషనాళంలోని లద్ది అంతా తీసి, జెల్లీ రాసిన ప్రోబును, అంటే స్కానింగు పరికరాన్ని లోపలికి పంపుతారు. ఒక కొమ్ము కొస నుంచి మొదలుపెట్టి, నడిమి భాగం మీదుగా మూతి దాకా, అక్కడి నుంచి రెండో కొమ్ము కొస దాకా ఒక్క అంగుళం వదలకుండా చూడాలి. ఒక పిండం కనబడగానే ఆగిపోకూడదు. రెండు అండాశయాలూ చూసి, అండం విడుదలైన గుర్తులు ఎన్నున్నాయో కూడా లెక్కపెట్టాలి. అవి రెండుంటే, పిండం ఒకటే కనబడినా మరో రెండు రోజులకు మళ్ళీ స్కాన్ తప్పదు.

గర్భసంచి గోడలో ఉండే నీటితిత్తులు కూడా తెర మీద అచ్చం పిండం లాగే నల్లగా, గుండ్రంగా కనిపిస్తాయి. తేడా ఏమిటంటే పిండం రోజుకు 3, 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది, చోటు మారుతుంది. తిత్తి ఉన్నచోటే ఉంటుంది. దాటించకముందే తిత్తుల చోటు, కొలత రాసిపెట్టుకున్న వైద్యుడు ఈ చిక్కులో పడడు.

రెండు పిండాలున్నాయని తేలితే, చిన్నదాన్నో చేతికి బాగా అందేదాన్నో ఎంచుకుని, ప్రోబు అంచుతో మెల్లగా కొమ్ము కొస వైపు జరిపి, అక్కడ నొక్కి చిదుపుతారు. రెండూ అంటుకుని ఉంటే బలవంతం చెయ్యకూడదు. ఒక గంట ఆగితే చాలాసార్లు అవే విడిపోతాయి. ఆ వయసు పిండానికి ఇంకా గుండె కొట్టుకోవడం మొదలవదు, సంచిలో ఉన్నది దాదాపుగా ద్రవమే. చేయి తిరిగిన వైద్యుడు ఈ రోజుల్లో చేస్తే నూటికి తొంభైకి పైగా గుర్రాల్లో రెండోది నిలుస్తుంది.

స్థిరపడ్డాక కథ మారుతుంది. రెండూ ఒకే కొమ్ములో పక్కపక్కన నిలిస్తే, వాటిలో ఒకటి దానంతటదే కరిగిపోవడం ఎక్కువసార్లు జరుగుతుంది. చెరో కొమ్ములో నిలిస్తే అలా జరుగుతుందని ఆశపెట్టుకోవద్దు. 30వ రోజు దాటాక చిదిపితే బయటికొచ్చిన ద్రవం రెండోదాని పట్టు కూడా వదిలించే ప్రమాదం ఉంది. అందుకే 28 నుంచి 30 రోజుల మధ్య గుండె చప్పుడు చూసే రెండో స్కాన్ ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. అప్పటికీ రెండు ఉంటే, 35వ రోజు లోపలే ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోను సూది వేసి చూడి తీసేసి, మళ్ళీ ఎదకు రప్పించడం ఒక దారి. ఆ గడువు దాటితే గర్భసంచి గోడలో ఎండోమెట్రియల్ కప్పులు అనేవి ఏర్పడి ఒక హార్మోను వదులుతాయి. చూడి పోయినా అవి సుమారు 120వ రోజు దాకా ఉంటాయి కాబట్టి గుర్రం సరిగ్గా ఎదకు రాదు, ఆ ఏడాది సీజను పోయినట్టే. ఇంకో మాట: ప్రోస్టాగ్లాండిన్ చర్మం గుండా లోపలికి ఇంకుతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ మందు సీసా ముట్టుకోకూడదు.

ఆ తర్వాత తెలిస్తే ఒక పిండం సంచిలోంచి సూదితో ద్రవం లాగడం, నడి నెలల్లో ఉన్న పిండం గుండె ఆగిపోయేలా అందులో పొటాషియం క్లోరైడు ఎక్కించడం వంటి పద్ధతులున్నాయి. వాటికి పెద్ద ఆసుపత్రి, ప్రత్యేక నైపుణ్యం కావాలి, ఫలితం కూడా అంత బాగుండదు.

ఏమీ తెలియకుండానే నెలలు గడిచిపోతే, ఏడెనిమిది నెలలకే పొదుగు చేపి పాలు కారడం తొలి హెచ్చరిక. ఆ రోజే వైద్యుణ్ణి పిలవాలి. మాయకు పట్టిన జబ్బు వల్ల కూడా అలా జరుగుతుంది, ఏదని తేల్చాల్సింది ఆయనే. ఒకవేళ నెలలు నిండి కవలలు పుడితే, పిల్లలు అడ్డం తిరగొచ్చు కాబట్టి ఈనేటప్పుడు మనిషి దగ్గరుండాలి. మూడు గంటల్లో మాయ పడకపోతే అది అత్యవసరమే. ఆ మందపాటి మాయ గుండా రోగాల్ని ఎదిరించే యాంటీబాడీలు పిల్లకు చేరవు కనుక మొదటి ఆరు గంటల్లో ముర్రుపాలు తాగించాలి. నిలబడలేని పిల్లకు పాలు పిండి, వైద్యుడి చేత ట్యూబు ద్వారా పట్టించాలి.

ఒకసారి రెండు అండాలు విడుదల చేసిన గుర్రం మళ్ళీ అలాగే చేసే అవకాశం ఎక్కువ. దాని పేరు పక్కన రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసిపెట్టండి. వచ్చే సీజనులో దానికి 14వ రోజున ఒకటి, 16వ రోజున ఇంకొకటి, రెండు స్కాన్లు చేయించండి.

ఆశీస్సులతో,
మీ డాక్టరు తాతయ్య